సరుకు బాగుందన్న మెయిలు

మా ఆఫీసులో నా హోదా కరస్పాండెన్స్ అసిస్టెంట్. చేసిన పని మాత్రం వేరు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే కంపెనీ అది. యజమానికి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషులో వచ్చిన మెయిళ్ళు ఆయనకి తెలుగులో చెప్పడం, ఆయన తెలుగులో తిట్టినవి ఇంగ్లీషులో మర్యాదగా రాయడం, ఇదే నా ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో చేరాను. మోకాళ్ళు ఇక మెట్లెక్కమని మొండికేశాక మానేశాను.

ఈ మధ్య నా కుర్చీలో కొత్తగా కూర్చున్న అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఎంత పెద్ద వాక్యమైనా కంప్యూటరుకిస్తే చిటికెలో తెలుగు చేసి ఇస్తోంది. మీరంతా ఇన్నేళ్ళు దీనికోసమే జీతం తీసుకున్నారా?" అంది. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగింది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి ఊరుకున్నాను. ఆ పిల్ల కోసమే ఇది రాస్తున్నాను. అలాంటి కుర్చీల్లో కూర్చున్న మిగతావాళ్ళకి పనికొస్తే సంతోషం, లేకపోతే రిటైరైన మనిషి సోది అనుకుని పేజీ తిప్పేయండి.

ముందు మా నాన్న గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఈ పని నాకు అబ్బింది ఆయన దగ్గరే కాబట్టి. ఆయన చీరాల దగ్గర మిషన్ స్కూల్లో టీచరు. చర్చి సభలకి బయటి దేశాల నుంచి బోధకులు వస్తే, పక్కన నిలబడి తెలుగులో చెప్పేది ఆయనే. ఒకసారి ఒక బోధకుడు మంచులో దారి తప్పిన గొర్రె కథ చెబుతున్నాడు. నాన్న దాన్ని వరదలో కొట్టుకుపోయిన గొర్రె చేశారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. బోధకుడు జనాన్ని చూసి తృప్తిగా తలాడించాడు. నాకు అప్పుడు ఎనిమిదో తరగతి ఇంగ్లీషు వచ్చు, అంటే అన్నీ వచ్చనుకునే వయసు. ఇంటికొచ్చాక "అబద్ధం చెప్పారుగా నాన్నా" అన్నాను.

"మంచు అంటే మనవాళ్ళు హాయిగా చల్లగా ఉంటుందనుకుంటారే. ఆయన చెప్పింది చావు గురించి. నేనూ చావు గురించే చెప్పాను" అన్నారు.

నాకు ఆ జవాబు అప్పుడు నచ్చలేదు. మాట మారిస్తే అర్థం మారుతుందని మా ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. మార్చకపోతే కూడా మారుతుందని ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక మా యజమాని. షావుకారు గారనే అనేవాళ్ళం. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారంతో మొదలుపెట్టి ఎగుమతి దాకా వచ్చిన మనిషి. నన్ను "టీచరమ్మా" అని పిలిచేవారు. నేను ఏనాడూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. మాది టీచరు గారి ఇల్లని తెలిసి అలా ఖాయం చేసేశారు. చేరిన వారంలోనే యార్డుకి తీసుకెళ్ళారు. ముందు తుమ్ములు తగ్గాలి, ఆ తర్వాత ఇంగ్లీషు రాయొచ్చని ఆయన లెక్క. ఆ ఘాటుకి ముక్కు మీద చెంగు వేసుకుని ఒక బస్తా పక్కన నిలబడ్డాను.

కొనేవాడొకడు వచ్చాడు. బస్తాలోంచి కాయ తీసి విరిచాడు, వాసన చూశాడు, విసిరికొట్టాడు. "ఏంటయ్యా ఇది? తాలు కాయంతా నా నెత్తిన పోద్దామనా? రంగేదీ? తేమ చూడు, పిండితే నీళ్ళొచ్చేట్టుంది" అన్నాడు. రైతు అంతకంటే పెద్ద గొంతుతో లేచాడు. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ, ఆ మాట అంటే ఏ రైతుకైనా పొడుచుకొస్తుంది. కొట్టుకుంటారేమోనని నేను వెనక్కి జరిగాను. షావుకారు గారు చల్లగా "బేరం కుదిరింది పద" అన్నారు. ఇంకో బస్తా దగ్గర ఇంకొకాయన కాయని వేళ్ళతో నిమిరి, "బాగుందయ్యా, మంచి రైతువి" అని భుజం తట్టాడు. ఆ రైతు మొహం వాడిపోయింది. తట్టినాయన అప్పటికే పక్క వరసలోకి వెళ్ళిపోయాడు.

"కొనేవాడు తప్పు పడతాడు. కొననివాడికి ఏం నొప్పి, పొగిడి పోతాడు" అన్నారు షావుకారు గారు. అదే నా మొదటి పాఠం. అంత తెలిసిన మనిషి, తర్వాత ఒకరోజు ఇంగ్లీషు పొగడ్త దగ్గర బోల్తా పడ్డారు. చెప్పదలుచుకున్నది ఆ రోజు గురించే.

ఆయన మెయిలు చెప్పే పద్ధతి కూడా చెప్పాలి. పంచె సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలి, "వాడి మొహం మండ, పోయినసారి కూడా ఇట్టాగే కంటెయినరు రేవులో పెట్టుకుని కూర్చున్నాడు, వాడికి బుద్ధుందా అని రాయి" అనేవారు. నేను రాసేదాన్ని. "అన్నది అన్నట్టే రాశావా?" అని అడిగేవారు.

"కోపం మొత్తం ఉందండి. తిట్లు తీసేశాను."

"తిట్లు తీసేస్తే ఇంక కోపం ఎక్కడుంది?"

"'తక్షణం' అన్న మాటలో పెట్టానండి."

కాసేపు ఆలోచించి, "ఆ మాట రెండుసార్లు పెట్టు" అనేవారు.

సరే, అసలు సంగతి. ఒక ఏడు బయటి దేశంలో సాస్ తయారుచేసే కంపెనీ ఒకటి మా దగ్గర కొత్త రకం కాయ అడిగింది. పురుగుమందు ఆనవాలు లేని కాయ కావాలట. ఆ కంపెనీ తరఫున రాసేది ఒక ఆవిడ. వినుకొండ వైపు ఒక రైతుని షావుకారు గారు ఒప్పించారు. ఆ రైతు తన బావమరుదుల్ని, పక్క చేలవాళ్ళని ఒప్పించాడు. వేప కషాయం, జిగురు అట్టలు, ఇవే వాళ్ళ ఆయుధాలు. పురుగు కళ్ళముందు తింటుంటే మందు డబ్బా ముట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో మిరప వేసినవాళ్ళకే తెలుసు. ఊళ్ళో నవ్వారు కూడా. "నా మాట మీద ఆగండిరా" అని అందర్నీ ఆపింది ఆ రైతే. దిగుబడి తగ్గింది, కాయ మాత్రం వచ్చింది. శాంపిలు పంపాం.

జవాబు వచ్చిన రోజు నేను ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను. చీరాలలో మా బంధువుల పెళ్ళి, రైలు నన్ను తీరిగ్గా దింపింది. మెట్లెక్కేసరికి షావుకారు గారి గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. లోపల ఆ వినుకొండ రైతు కూర్చుని ఉన్నాడు, ముందు టీ గ్లాసు. ఏదో పని మీద గుంటూరు వచ్చి ఇటు తొంగి చూశాడట. మా మేనేజరు పక్కన నిలబడి ఉన్నాడు. హైదరాబాదులో పెద్ద చదువు చదివి వచ్చిన కుర్రాడు, మంచివాడు, ఎండలో పడి ఆ చేలన్నీ తిరిగినవాడు. నేను లేను కాబట్టి ఆ పూట మెయిలు అతనే చదివి చెప్పాడు.

"రా టీచరమ్మా, మన కాయ వాళ్ళకి నచ్చింది. కొద్దిగా బేరమాడుతున్నారు, అంతే. ఆగమని చెప్పా. యార్డుకి తోలొద్దన్నా" అన్నారు షావుకారు గారు.

"మావాళ్ళకి ఫోన్ చేసి చెప్పేశా అమ్మా" అన్నాడు రైతు. "నవ్వినోళ్ళందరికీ టీ పోయించమన్నా."

నేను మెయిలు చూశాను. ఒకటే వాక్యం, కొసకి చేరేలోపు మొదలు మర్చిపోయేంత పొడుగు. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: 'మీ రైతులు పడిన శ్రమను ఎంతో విలువైనదిగా భావిస్తున్నామనీ, మా వైపు పరిస్థితులు అనుకూలించిన పక్షంలో ఈ విషయాన్ని మళ్ళీ పరిశీలించడానికి సంతోషిస్తామనీ తెలియజేస్తూ, జతపరిచిన పరీక్షా ఫలితాల దృష్ట్యా, ఇంతకు ముందు అనుకున్న పద్ధతిలో ప్రస్తుతానికి ముందుకు వెళ్ళగలమని మాకు అనిపించడం లేదని మనవి.'

మేనేజరు సరిగ్గా ఇదే చెప్పాడు. షావుకారు గారు అందులోంచి విలువ, సంతోషం, ప్రస్తుతానికి అనే మూడు మాటలు ఏరుకున్నారు. మిగతాది పొట్టు కింద ఊదేశారు.

నేను మళ్ళీ చదివాను, ఇంకోసారి చదివాను. రైతు టీ చప్పరిస్తున్నాడు. ఇంకాస్త ఆలస్యం చేస్తే ఊళ్ళో టీలు కూడా అయిపోతాయి.

"వాళ్ళు వద్దంటున్నారండి" అన్నాను.

"సంతోషం అన్నారుగా?"

"దూరపు చుట్టాలు పెళ్ళికి పిలిస్తే, వీలు చూసుకుని తప్పకుండా వస్తాం అంటాం చూడండి. ఆ సంతోషమండి అది."

"మేడం, నేను ఒక్క మాట కూడా మార్చలేదు" అన్నాడు మేనేజరు. మొహం చిన్నబోయింది. నిజమే, మార్చలేదు. ఆ సంగతి పైకే చెప్పాను కూడా.

షావుకారు గారు ఒప్పుకోలేదు. "ప్రస్తుతానికి అంటే ఇయ్యాల్టికి వద్దని. రేపు రేటు తగ్గించుకుని వస్తారు. నాకు బేరం నేర్పుతావా?"

వివరించి లాభం లేదనిపించింది. ఆయన బల్ల మీద స్టీలు పళ్ళెంలో ఆ రైతు కాయ శాంపిలు ఉంది. ఒకటి తీశాను. విరవలేదు, వాసన చూడలేదు. వేలితో మెల్లగా నిమిరాను. రైతు వైపు తిరిగి, "బాగుందయ్యా, మంచి రైతువి. మళ్ళీ ఎప్పుడైనా కలుద్దాం" అన్నాను. కాయని పళ్ళెంలో పెట్టేసి గుమ్మం దాకా నడిచి, విడిచిన చెప్పుల్లో కాలు పెట్టాను.

షావుకారు గారి చెయ్యి పంచె మీదే ఆగిపోయింది. రైతు టీ గ్లాసు కింద పెట్టాడు. యార్డు చూసిన మనుషులిద్దరూ, వాళ్ళకి ఇంక ఏ డిక్షనరీ అక్కర్లేదు.

"లేదయ్యా. వాళ్ళు కొనరు" అన్నారు షావుకారు గారు.

"ఎందుకని?"

జతపరిచిన పరీక్షా ఫలితం అప్పటిదాకా ఎవరూ తెరవలేదు. అది చదివి చెప్పాను. కాయలో ఒక మందు ఆనవాలు కనిపించింది. పత్తికి కొట్టే మందు.

"మేం కొట్టలా" అన్నాడు రైతు.

"మీవాళ్ళలో ఎవడో ఆగలేక కొట్టుంటాడులే" అన్నారు షావుకారు గారు. ఓదార్పుగానే అన్నారు. అది రైతుకి ఎక్కడ తగిలిందో నేను ఆయన మొహంలో చూశాను.

"ఎవడో అంటే ఎవడండీ? నాకు పేరు చెప్పండి. అందరి తరఫునా మాటిచ్చింది నేను. ఎవడు కొట్టినా నేను కొట్టినట్టే. మేం కొట్టలా."

మేనేజరు కల్పించుకున్నాడు. "సార్, వీళ్ళ చేను ఆనుకుని పత్తి చేనుంది. నేను వెళ్ళినప్పుడు అక్కడ మందు కొడుతున్నారు. గాలి ఇటు వీస్తోంది. అప్పుడే అనుకున్నాను." ఆ కుర్రాడు ఆ మాట చెప్పకపోతే మా దగ్గర రైతు మాట తప్ప ఇంకేం లేకపోయేది.

రైతు మాత్రం పత్తి చేనువాడి వంశాన్ని మూడు తరాల వెనక్కి తీసుకెళ్ళి కడిగాడు. అదంతా అయ్యాక నెమ్మదించాడు. "సరుకు సంగతి వదిలేయండి, యార్డులో పోసుకుంటాం. మేం మందు కొట్టి కొట్టలేదన్నామని ఆవిడ అనుకుందంటే మాత్రం ఊళ్ళో ఇంక నేను నోరెత్తలేను. వచ్చే ఏడు ఎవడూ నా మాట మీద ఆగడు. ఆవిడకి నా మాట రాయండమ్మా. మీ మాట కాదు, నా మాట."

మేనేజరు అక్కడికక్కడే ఒక మెయిలు తయారుచేశాడు. మర్యాదకి లోటు లేదు. 'అనుకోని పరిస్థితుల వలన కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తూ' అని మొదలైంది. నేను ఆ ముక్క కొట్టేశాను.

"చింతించకపోతే ఎలా మేడం? పద్ధతి కదా?"

"చేసినవాడు చింతించాలి. ఈయన చెయ్యలేదంటున్నాడు. చింతిస్తే చేశానని ఒప్పుకున్నట్టే."

"ఆవిడ మన దగ్గర మామూలు కాయ కూడా కొంటుంది టీచరమ్మా. చూసుకుని రాయి" అన్నారు షావుకారు గారు. ఆయన భయం ఆయనది. ఆ కంపెనీ పోతే గోడౌనులో తొడిమలు తీసే ఆడవాళ్ళకి సగం రోజులు పని ఉండదు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి ఊరికే కూర్చున్నాను. రైతు బెంచీ మీద నుంచి లేవలేదు, ఏమీ అడగనూ లేదు. షావుకారు గారు ఆయన వైపు చూసి, ఫ్యాను వైపు చూసి, చివరికి "ఆయన ఎట్టా అన్నాడో అట్టాగే రాయి. కింద నా పేరు పెట్టు" అన్నారు.

నేను రాసింది ఇది. 'మా రైతు మీకు చెప్పమన్న మాటలు ఇవి. మేము ఆ మందు కొట్టలేదు. పక్కన పత్తి చేను ఉంది. దానికి కొట్టారు. గాలికి మా మీదికి వచ్చింది. సరుకు కొనమని అడగడం లేదు. మేము అబద్ధం చెప్పామని అనుకోవద్దు.' కింద మేనేజరు తను చూసింది తన మాటల్లో రాశాడు. అన్ని ఏళ్ళలో అంత చిన్న వాక్యాలు నేను ఏ కంపెనీకీ రాయలేదు. పంపే ముందు రైతుకి తెలుగులో చదివి వినిపించాను.

"పత్తి చేనోడి గురించి నేనన్నవి లేవే?"

"ఆవిడకి వాడితో పని లేదండి."

ఒప్పుకున్నాడు, అయిష్టంగానే.

వాళ్ళు సరుకు యార్డుకి తోలేశారు. ఆవిడ దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. రోజూ వెళ్ళగానే మెయిలు తెరవడం, లేదని తల అడ్డంగా ఊపడం, షావుకారు గారు ఇంకెవర్నో తిట్టుకోవడం, ఇదే వరస. మామూలు కాయకి రావలసిన ఆర్డరు కూడా రాలేదు. నా వల్లేనని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నాకు మాత్రం కుర్చీలో ముళ్ళున్నట్టే ఉండేది.

ఒక ఉదయం జవాబు వచ్చింది. ఈసారి వాక్యాలు పొట్టివి. మేనేజరు నా భుజం మీదుగా చదివి నిట్టూర్చాడు. "కొనదట. పైగా తప్పులు కూడా ఎంచుతోంది మేడం." నేను షావుకారు గారి గదిలోకి వెళ్ళి చదివాను.

'ఆయన మాట నమ్ముతున్నాను. ఈ ఏడు సరుకు కొనలేను, మా నిబంధన ఒప్పుకోదు. ఇంకో సంగతి. శాంపిలులో తెల్లబారిన కాయలున్నాయి. ఆరబెట్టడం సరిగా లేదు. రంగు కూడా నేను ఆశించినంత లేదు.'

షావుకారు గారు ముందుకి వంగారు. "తాలుందందా?"

"అవునండి."

"రంగు లేదందా?"

"లేదందండి."

"ఆయనకి ఫోను కలుపు" అన్నారు. గొంతులో నవ్వు ఆగడం లేదు. మేనేజరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

రైతు ఫోను ఎత్తాడు. ఆవిడ జవాబు వచ్చిందన్నాను. "ఆయన మాట నమ్ముతున్నాను అని రాసిందండి" అన్నాను.

"ఉండండమ్మా, స్పీకరు పెడతా. మావాళ్ళున్నారు. ఇంకోసారి చెప్పండి, గట్టిగా" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరెవరి మాటలో చెప్పాను, మళ్ళీ చెప్పమని అడిగింది ఆయనొక్కడే.

"ఈ ఏడు మాత్రం కొనలేనని రాసింది" అన్నాను.

"సరేనమ్మా. అనుకున్నదేగా."

"తాలు కాయ ఉందట. రంగు లేదట. ఆరబెట్టడం సరిగా లేదట."

అటువైపు ఒక్కసారిగా నలుగురైదుగురు లేచారు. వాళ్ళందరి మీదా ఆయన గొంతు. "మా కాయకి రంగు లేదా? ఆవిడ ఎప్పుడన్నా మా కల్లం చూసిందా? కూర్చున్న చోటే కూర్చుని రంగు లేదంటే సరిపోద్దా? వచ్చి చూడమనండి."

షావుకారు గారు కుర్చీలో కదిలి కదిలి నవ్వుతున్నారు. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు వేలు చూపించి, "అదే రాయి" అన్నారు.

'వచ్చి చూడమనండి' అన్న మాటని ఇంగ్లీషులో మర్యాదగా రాయడానికి చాలా దారులున్నాయి. మీకు వీలు కుదిరిన పక్షంలో, అనుకూలమైన సమయంలో, మా హృదయపూర్వక ఆహ్వానం, ఇలా. నేను ఒక్కటీ వాడలేదు.

మరుసటి ఏడు పత్తి చేనుకీ మిరప చేనుకీ మధ్య జొన్న దట్టంగా వేశారు, గాలిని ఆపడానికి. కాయ కల్లంలో ఆరే వేళకి ఆవిడ నిజంగానే వచ్చింది. తెలుగు చెప్పడానికి నేనూ వెళ్ళాను. రైతు తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డాడు. ఆవిడ కారు దిగి, నమస్కారం పెట్టి, తిన్నగా కల్లంలోకి నడిచింది. వంగి ఒక కాయ తీసింది. విరిచింది. వాసన చూసి తుమ్మింది. మొహం చిట్లించి ఏదో అంది.

నేను తెలుగులో చెబుదామని నోరు తెరిచాను. రైతు నా వైపు చూడనేలేదు. అప్పటికే గొంతు పెంచాడు.